మా బావిలో సర్కారు నీళ్లు

నీటి శాఖలో ఉద్యోగమంటే వంగడం. వాల్వ్ గుంతలోకి వంగాలి, మీటర్ ముందు వంగాలి, ఒక్కోసారి రోడ్డుకు చెవి ఆనించి పడుకోవాలి. మా ఇంట్లో వంగడం అలవాటు లేదు. అయినా ఆ శాఖలోనే ముప్పై ఆరేళ్లు పనిచేశాను. కొత్తగా చేరుతున్న పిల్లలు, "మీ అనుభవాలు రాసివ్వండి సార్" అని అడిగారు కాబట్టి రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి మీకూ వస్తాయి, ఆలస్యంగా వస్తాయి, అప్పటికి మీకే విసుగొస్తుంది. నేను రాయాలనుకున్నది ఒక బావి గురించి. దాని దాకా రావడానికి కొంచెం చుట్టు తిరగాలి. పాతబస్తీలో ఏ ఇంటికి వెళ్లాలన్నా అంతే కదా.

నిలబడి వినే కర్ర

హుస్సేనీ ఆలంలో మాకొక దేవిడీ, అంటే పాతకాలపు పెద్ద భవంతి, ఉండేది. మా తాతగారి రోజుల్లో దాని దర్వాజా లోంచి గుర్రపు బగ్గీ నేరుగా లోపలికి వెళ్లేదట. మా నాన్నగారు దాన్ని ముక్కలు ముక్కలుగా అమ్మారు, కానీ ప్రతి ముక్కనూ ఇస్త్రీ బట్టల్లో వెళ్లి అమ్మారు. నా వంతుకు వచ్చేసరికి దర్వాజా మీది సగం కమాను, రెండు గదులు, ఒక బావి మిగిలాయి. వాటితో పాటు నిటారుగా నడవాలన్న నియమం కూడా మిగిలింది. దాన్ని మాత్రం ఎవరూ కొనలేదు.

అప్పట్లో లీకులు పట్టడానికి ఇనుప కడ్డీ వాడేవాళ్లం. ఒక కొన గొట్టం మీదో వాల్వ్ మీదో ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుంటే, లోపల ఎక్కడైనా నీళ్లు కారుతుంటే సన్నగా బుస్సుమని వినిపిస్తుంది. అందరి కడ్డీలూ నడుమెత్తు. మోకాళ్ల మీద కూర్చుని వినేవాళ్లు. నేను నా కొలతకు కర్రలా పొడవుగా ఒకటి చేయించుకున్నాను, నిలబడి వినడానికి.

నాతో పాటు చేరిన లైన్‌మన్ జాన్‌రాజు ఆ కర్రను మొదటిసారి చూసినప్పుడు అన్న మాట నా రిటైర్మెంట్ సభ దాకా నా వెంట వచ్చింది.

"గా కర్ర పట్టుకుంటే లీకు పట్టనీకి పోతున్నట్టు లేదు సాబ్. దర్బార్‌కు పోతున్నట్టున్నది."

"నీ పని నువ్వు చూసుకో."

"చూస్కుంటున్న సాబ్. ఇంటున్న గూడ. మీకు ఇనొచ్చేది నాకు ఇనొస్తలేదు, నాకు ఇనొచ్చేది మీకు ఇనొస్తలేదు."

నిజమే. పొడవు పెరిగితే శబ్దం పలచబడుతుంది. నాకు చిక్కని లీకులు కొన్ని జాన్‌కు చిక్కేవి. ఈ మాట ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటున్నాను. జాన్ దీన్ని చదివితే చాయ్ తాగించమంటాడు.

మా మొదటి ఇంజనీరు గారు పొట్టి మనిషి. మాటలూ పొట్టివే. చేరిన వారానికి నా చేతిలో ఒక చిన్న మందు సీసా పెట్టారు. మన నీళ్లలో క్లోరిన్ కలుపుతాం. నీళ్లలో ఈ మందు చుక్క వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు రంగు తిరుగుతాయి.

"గోడ పక్కన తడి కనబడితే ఇంటివాళ్లు ఊట అంటారు. నమ్మకు. చుక్క వెయ్యి. పసుపు తిరిగితే మన గొట్టం పగిలినట్టు. ఎవరి ఇల్లని చూడకు. చూసింది రాయి, నచ్చింది రాయకు."

మీ చేతికి ఏ యంత్రం ఇచ్చినా, ఆ చివరి మాటే మీ ఉద్యోగం. ఆ సీసాతో నేను వందల ఇళ్లలో చుక్కలు వేశాను. కోపాలు చూశాను, తిట్లు తిన్నాను. ఎవరి ఇల్లనీ చూడలేదు. ఒక్క ఇల్లు తప్ప.

ఊపిరి పీల్చే బావి

మా బావికి ఏడు ఊటలున్నాయని మా తాతగారు చెప్పేవారు. మా నాన్నగారూ చెప్పారు. నేను ఇంకొంచెం గట్టిగా చెప్పాను. చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయి, చెత్తతో పూడిపోయి, పైన గదులు లేచినా మా బావి ఒక్క ఎండాకాలం కూడా ఎండలేదు. దేవిడీ పోయినా ఇది మిగిలింది కదా అని నేను దాని దగ్గరికి వచ్చే తలుపు తీసేయించాను. గల్లీలో పదకొండు ఇళ్లవాళ్లూ అక్కడే తోడుకునేవారు.

వాళ్లలో అందరికన్నా ఎక్కువ తోడేది యాదమ్మ. కమాను వెనక గదిలో ఆమెకు రెండు గ్రైండర్లు ఉన్నాయి. ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి టిఫిన్ బండ్లకు పోస్తుంది. పప్పు కడగాలన్నా, నానబెట్టాలన్నా, రుబ్బాలన్నా, గ్రైండర్లు కడగాలన్నా నీళ్లే. ఆ గల్లీలోకి నల్లా లైను లేదు. పాత గొట్టం ఎప్పుడో చచ్చిపోయింది. కొత్తది వేయమని గల్లీవాళ్లు రెండుసార్లు అర్జీ రాసుకుని, శాఖలో ఉన్నవాణ్ని కదా అని నా దగ్గరికే తెచ్చారు. రెండుసార్లూ నేను ఒకటే అన్నాను: "నా బావి ఉండగా మీకు నల్లా ఎందుకు?"

వాళ్లు మొహమాటపడి వెళ్లిపోయారు. ఆ రెండు కాగితాలూ ఆఫీసుకు చేరలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అదే, కానీ అప్పుడు అది దాతృత్వంలా కనిపించింది.

ఆ బావికి ఇంకో వింత ఉండేది. ఒక రోజు జానెడు పెరిగేది, మర్నాడు జానెడు తగ్గేది. చుట్టాలొస్తే అంచు దగ్గర నిలబెట్టి చూపించేవాణ్ని. "చూశారా, మా బావి ఊపిరి పీలుస్తుంది" అనేవాణ్ని. మెయిన్ రోడ్డు లైనుకు నీళ్లు వదిలేది రోజు విడిచి రోజు. ఆ వాల్వ్ తిప్పించేది నేనే. ఈ రెండు విషయాలూ ఒకే తలలో ఇన్నేళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కసారి కూడా పలకరించుకోలేదు.

వంగని చెవులు

నా సర్వీసు ఆఖరి ఏడాదిలో శాఖలోకి ఏఐ వచ్చింది. దానితో పాటు నవ్య అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. వాల్వ్ గుంతల్లో గొట్టాలకు అయస్కాంతంతో అంటుకునే చిన్న చిన్న పెట్టెలు పెట్టించింది. అవి లోపలి చప్పుళ్లు విని పంపిస్తే, ఎక్కడో ఉన్న కంప్యూటర్లు వాటిని పోల్చి, లీకు అనిపించిన చోట మ్యాపు మీద ఎర్ర చుక్క పెడతాయి.

"ఇది మీ కర్రే సార్. కాకపోతే ఒక్కసారే వందల జాగలల్ల చెవి పెడ్తది" అంది నవ్య.

"వంగకుండా?"

"వంగకుండనే సార్."

"అయితే మంచి కుటుంబం నుంచే వచ్చినట్టుంది."

పది రోజుల్లో దాని కుటుంబం బయటపడింది. చార్మినార్ దగ్గర ఒక లస్సీ దుకాణం ముందు ఎర్ర చుక్క పడింది. రోడ్డు తవ్వించాం. గాజులవాళ్లు, ఆటోవాళ్లు, కొనడానికి వచ్చినవాళ్లు అందరూ తిట్టారు. కింద మట్టి ఎండిన రొట్టెలా ఉంది. తీరా చూస్తే దుకాణదారు పెద్ద ఫ్రీజర్‌ను తెచ్చి మా గొట్టం బయటికి తేలిన చోట ఆనించి పెట్టాడు. అది రోజంతా బుస్సుమంటోంది. పెట్టె దాన్ని లీకు అనుకుంది.

దుకాణదారు అందరికీ లస్సీ ఇచ్చి, గుంతలోకి తొంగి చూస్తూ, మీగడ దొరికిందా అన్నట్టు అడిగాడు. "క్యా భాయ్, మలై మిలా?"

ఆ వారమంతా నేను ఆఫీసులో కొంచెం ఎక్కువ నిటారుగా నడిచాను. నవ్య మాత్రం ఆ చప్పుడు ఫ్రీజర్‌ది అని యంత్రానికి చెప్పింది. మళ్లీ అది ఆ పొరపాటు చేయలేదు. తప్పు చెప్పగానే దిద్దుకునే ఉద్యోగిని నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం. నాకైతే సర్వీసంతా పట్టింది, అది తర్వాత చెబుతాను.

తర్వాతి ఎర్ర చుక్క మాదన్నపేట కూరగాయల మార్కెట్ పక్కన పడింది. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. కూరగాయలు కడిగిన నీళ్లని అందరం అనుకున్నాం. నేను ప్రతి ఆదివారం సంచి పట్టుకుని ఆ తడి మీదే నడిచేవాణ్ని, ప్యాంటు అంచు కొంచెం పైకెత్తుకుని. తవ్వితే పెద్ద గొట్టం పగిలి, నీళ్లు నేరుగా మురుగు కాలువలోకి పోతున్నాయి. ఎన్నేళ్లుగానో ఎవరికీ తెలియదు.

కొత్తవాళ్లు ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. మన ఊరి నీళ్లు నదుల నుంచి వస్తాయి. దూరం నుంచి, ఎత్తు ఎక్కి వస్తాయి. ఎక్కించేది పంపులు. పంపులు తిప్పేది కరెంటు, ఆ కరెంటులో చాలా భాగం బొగ్గు. కాబట్టి కాలువలో పోయిన ప్రతి బిందె వెనకా ఎక్కడో పొగ ఉంది. ఆ లీకు కట్టాక పంపు నడిచే సమయం తగ్గించగలిగాం. ఎండలు ఏటేటా ముదురుతున్న కాలంలో అది చిన్న విషయం కాదు. ఆ రోజు నవ్యకు చాయ్ నేనే తెప్పించాను.

"మీ యంత్రం పనికొస్తుంది" అన్నాను.

"గీ మాట రాసిస్తరా సార్?" అంది.

కమాను కింద చుక్క

మూడో నెలలో ఒక పొద్దున నవ్య మ్యాపు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. హుస్సేనీ ఆలంలో ఎర్ర చుక్క.

"ఈడ ఎవరిల్లున్నది సార్?"

"నాది."

"అయితే మంచిగైంది, అడగాల్సిన పని లేదు. చుక్క పెద్దగున్నది సార్. పాత లీకు."

"అది లీకు కాదు. మా బావి. ఏడు ఊటలున్నాయి."

జాన్‌రాజు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. వీపు కదులుతోంది. నవ్య మాత్రం నవ్వలేదు. "అట్లయితే ఒక చుక్క ఏసి చూద్దాం సార్" అంది.

నా ఇంటికి పరీక్షా అని నోటి దాకా వచ్చింది. ఆ మాట ఎన్ని ఇళ్లలో ఎంతమంది నాతో అన్నారో గుర్తొచ్చి ఆగిపోయాను.

జాన్ తాడు పట్టుకుని బావిలోకి దిగాడు. రోడ్డు వైపు రాతి సందులోంచి నీళ్లు కారుతున్న చోట గాజు గొట్టం పెట్టి పట్టాడు. పైకి తెచ్చి నా చేతికిచ్చాడు. మందు నేనే వేశాను. నీళ్లు మెల్లగా, ఎంతో మర్యాదగా పసుపు రంగు తిరిగాయి.

జాన్ గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి అన్నాడు. "ఏడు ఊటలల్ల ఇది ఎన్నోది సాబ్?"

రుజువు సరిపోదన్నాను. రోడ్డు లైను వాల్వ్ రెండు రోజులు మూయించాను. బావి ఊపిరి పీల్చడం మానేసింది. రెండో రోజు సాయంత్రానికి బొక్కెన అడుగు రాళ్లకు తగిలి చప్పుడు చేసింది. ఆ రెండు రోజులూ యాదమ్మ వేరే లైను మీద ఉన్న పక్క వీధి నల్లా నుంచి బిందెలు మోసింది. మోయగలిగినంతే రుబ్బింది. మూడో పొద్దున ఒక టిఫిన్ బండివాడు ఆమె దగ్గరికి రాలేదు.

ఎవరి దాహం ముందు

లీకు కట్టాల్సిందే, అందులో అనుమానం లేదు. కట్టాక మిగిలిన నీళ్లు ఎటు పోవాలన్నది ప్రశ్న. అది కూడా ఇప్పుడు కంప్యూటరే సూచిస్తుంది. ఎక్కడ అవసరం ఎక్కువో చూసి వరుస పెడుతుంది. మా పెద్దాఫీసరు గదిలో నవ్య ఆ జాబితా తెర మీద వేసింది. పైన ఊరి అంచున కడుతున్న ఒక పెద్ద భవనం ఉంది. మా గల్లీ జాబితాలోనే లేదు.

"ఆ భవనంలో ఎవరుంటారు?" అని అడిగాను.

"మనుషులు తక్కువ సార్. అన్ని కంప్యూటర్లే. వేడెక్కకుండ చల్లవెట్టనీకి నీళ్లు కావాలె" అంది నవ్య. ఆగి, కొంచెం చిన్న గొంతుతో అంది. "మన పెట్టెలు పంపేది ఇనే కంప్యూటర్లు గూడ గసొంటి బిల్డింగులల్లనే ఉంటయి సార్."

అంటే, వంటమనిషే వంట రుచి చూసి, ఎవరికెంత ఆకలో లెక్కగట్టి, మొదటి పళ్లెం తన ముందు పెట్టుకుంది. ఇది యంత్రం కుట్ర అని నేననను. మాదన్నపేటలో అది పొదుపు చేసిన నీళ్లను నా కళ్లతో చూశాను. దాని దాహమూ నిజమే, దానికి కాలే కరెంటూ నిజమే. అది ఆదా చేసేదెంత, తాగేదెంత అని పక్కపక్కన పెట్టి అడిగేవాడు ఒకడుండాలి. ఆ గదిలో ఆ రోజు నేను తప్ప ఎవరూ అడగలేదు. నేను అడిగితే ఆఫీసరు గారు ఫ్యాను వైపు చూశారు.

"మా గల్లీ ఎందుకు లేదు?"

"కనెక్షన్ లేదు. కంప్లయింట్ లేదు. ఒక్క అర్జీ గూడ రాలే సార్. దాని లెక్కల ఆ గల్లీకి దాహమే లేదు."

రాకపోవడమేమిటి, రెండు వచ్చాయి. నా గుమ్మం దాకా.

నవ్యే దారి చెప్పింది. ఇన్నేళ్లూ ఆ గల్లీ బతికింది మన గొట్టం నీళ్ల మీదే అని రుజువైతే, ఆ వాడకాన్ని అవసరం కింద చూపించవచ్చు. అందుకు బావి ఊటది కాదని, శాఖ నీళ్లదని ఇంటి యజమాని రాసి సంతకం పెట్టాలి.

ఆఫీసరు గారు మంచివారు. నన్ను కాపాడాలనుకున్నారు. "నరహరిరావు గారూ, ఆఖరి ఏడాదిలో మీకెందుకివన్నీ. లీకు రోడ్డు కింద ఉందని రాసి మూసేద్దాం. బావి సంగతి ఎత్తొద్దు. కొన్నాళ్లకు అదే ఎండిపోతుంది. ఎండలకు ఎండిందంటారు. మీ పెద్దల మాట పోదు, లీకుల ఇన్‌స్పెక్టర్ ఇంట్లోనే లీకన్న మాట రాదు."

ఆలోచించుకుంటానన్నాను. నిజం చెబుతున్నాను, ఆలోచించాను.

సాయంత్రం బావి దగ్గర యాదమ్మ గ్రైండర్ రాయి కడుగుతోంది. విషయమంతా చెప్పాను, ఆఫీసరు గారి మాటతో సహా. ఆమె రాయి తిప్పుతూనే వింది.

"అంటే గిన్నేండ్లు మీ తాత నీళ్లు తాగుతున్నమనుకుంట మీకు దండం పెట్టింది ఉత్తదేనా దొరా?"

"ఉత్తదే."

"సర్కారోనికి పెట్టాల్సిన దండాలు మీకు పెట్టినమన్నట్టు."

"అవును."

"పోనియ్, దండాలకేమైతది." రాయి పక్కన పెట్టి లేచింది. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. "రెండు దినాలు నీళ్లు లేకుంటే ఒక బండోడు పోయిండు. పోయినోడు మల్ల రాడు. బావి ఎండినంక ఉన్న నలుగురు గూడ పోతరు. నాకు గా రెండు రాళ్లు తప్ప ఏమున్నది? మీ తాత పేరు మాకేం చేసుకోను, సాబ్? నీళ్లు కావాలె."

నా సర్వీసంతటిలో నాకు అంత స్పష్టంగా పని చెప్పిన అధికారి ఎవరూ లేరు.

నాలుగు వాక్యాలు

మర్నాడు ఆఫీసులో తెల్లకాగితం తీసుకుని రాశాను. మా ఇంటి బావిలో నీరు ఊటది కాదని, శాఖ గొట్టం నుంచి కారుతున్నదని. ఆ నీటి మీద పదకొండు ఇళ్లు, ఒక పిండి గిర్నీ ఆధారపడి ఉన్నాయని. నల్లా కోసం గల్లీవాళ్లు రెండుసార్లు ఇచ్చిన అర్జీలు నా వల్ల ఆగిపోయాయని. ముందు కొత్త గొట్టం వేసి, ఆ తర్వాతే లీకు కట్టాలని కోరుతున్నానని. సంతకం పెట్టేటప్పుడు మా మొదటి ఇంజనీరు గారు పక్కన నిలబడినట్టే అనిపించింది, పొట్టిగా.

ఆఫీసరు గారు మూడో వాక్యం దగ్గర కళ్లజోడు తీశారు. "ఇది అవసరమా?"

"చూసింది రాశాను" అన్నాను.

నవ్య ఆ కాగితాన్ని చూసి పదకొండు ఇళ్ల వాడకాన్ని కంప్యూటర్‌లో ఎక్కించింది. మర్నాటికి మా గల్లీ జాబితాలో పైకొచ్చింది, ఆ భవనం కిందికి దిగింది. యంత్రానికి మా మీద పగ ఏమీ లేదు. దానికి ఎవరూ చెప్పలేదంతే. చెప్పాల్సినవాణ్ని నేను.

కొత్తగా చేరే మీకు నేను చెప్పేది ఇది. లీకు ఎక్కడుందో ఇకపై యంత్రమే చెబుతుంది, మీకన్నా నాకన్నా బాగా చెబుతుంది. దానితో పోటీ పడకండి, నా కర్రలా అయిపోతారు. కానీ ఆ లీకు మీద ఎవరు బతుకుతున్నారో అది వినలేదు. అర్జీ రాయనివాళ్లు, మొహమాటపడి వెనక్కి వెళ్లినవాళ్లు దాని మ్యాపులో ఉండరు. కట్టే ముందు ఆ ఇంటి దాకా నడిచి వెళ్లి తలుపు కొట్టండి. ఆ పనికి ఇంకా జీతమిస్తున్నారు.

మూడు వారాల్లో గల్లీలోకి గొట్టం వచ్చింది. కమాను పక్కనే ఒక నల్లా, మోకాలెత్తులో. ఆ సాయంత్రమే రోడ్డు కింద లీకు కట్టారు. బావి మూడు రోజుల్లో ఎండిపోయింది. అడుగున మా చిన్నప్పటి ఇత్తడి చెంబు ఒకటి దొరికింది, ఊట మాత్రం ఒక్కటీ దొరకలేదు.

మొదటిసారి నీళ్లు వదిలిన పొద్దున అందరూ బిందెలతో వచ్చారు. యాదమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "ముందుగాల సాబ్ తాగాలె. తాత నీళ్లు గావు, సర్కారువి. సయిస్తయో లేవో చూద్దాం" అంది.

నల్లా మోకాలెత్తులో ఉంది. గ్లాసు ఎవరూ ఇవ్వలేదు. కావాలనే ఇవ్వలేదని నాకిప్పటికీ అనుమానం.

వంగాను.

"సాబ్ వంగిండు! నవ్యమ్మా, ఫోటో తియ్యి!" అని జాన్‌రాజు వెనక నుంచి కేకేశాడు.

దోసిలి పట్టి తాగాను. పుట్టినప్పటి నుంచి తాగుతున్న మా బావి నీళ్ల రుచే.